రాయిలో చిక్కిన చుక్కకి ఏం పేరు?

సందేహం: పిల్లల సైన్స్ పత్రిక కోసం ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఖనిజాల లోపల కంటికి కనిపించనంత చిన్నగా ఇరుక్కుపోయిన నీళ్ల గురించిన వ్యాసం అది. ‘ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్స్’ అన్న మాటని ఫోన్‌లో అడిగితే ‘ద్రవ చేరికలు’ అని చూపించింది. మా ఆఫీసులో ఒకరు దాన్ని ‘ద్రవ్య చేరికలు’ అని దిద్దారు. ఏది ఒప్పు? ‘ద్రవగర్భం’ అనవచ్చా?

సమాధానం: మొదటి రెండూ వద్దండి. మూడోది మంచి మాటే గానీ, మీరనుకుంటున్న వస్తువుకి అతకదు.

ముందు ఆ దిద్దుబాటు సంగతి. ద్రవం అంటే ప్రవహించేది. గుండె ద్రవించింది అన్నప్పుడూ అదే ధాతువు. ద్రవ్యం అంటే డబ్బు, లేదా పదార్థం. ద్రవ్యోల్బణంలో ఉన్నది అది. ఒక్క యవత్తు తగిలిస్తే రాయిలో ఎవరో సొమ్ము దాచినట్టయింది.

ఇక ‘చేరికలు’. ఈ మాట వింటే నాకు ఎన్నికల ముందు పార్టీ ఆఫీసులూ కండువాలూ గుర్తొస్తాయి. బయట ఉన్నది తనంతట వచ్చి కలిస్తే అది చేరిక. ఇక్కడ జరిగింది వేరు. భూమి లోతుల్లో, రాతి పగుళ్లలో వేడి ఉప్పునీరు పారుతుంటుంది. ఆ నీటిలోంచే పలుగురాయి పొరమీద పొరగా పెరుగుతుంది. పెరిగే ముఖం మీద ఎక్కడో చిన్న గుంట పడుతుంది. పై పొర వచ్చి దాన్ని మూసేస్తుంది. గుంటలో నీరు అక్కడే ఉండిపోతుంది. వలలో చేప చేరిందని అంటామా? చిక్కింది అంటాం. కాబట్టి నా ఓటు ‘చిక్కిన చుక్క’కి. వీటిలో ఎక్కువ భాగం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండవు. చుక్క అంటే నీటిచుక్కే కానక్కర్లేదు, ముగ్గులో చుక్కా చుక్కే, ఆకాశంలోదీ చుక్కే. ఆ వెసులుబాటు మనకి ఎందుకు కావాలో కాసేపట్లో చెబుతాను.

భూవిజ్ఞానం చదివిన మిత్రుడొకరు ఒకసారి మైక్రోస్కోపులో నాకు ఇవి చూపించాడు. పల్చగా అరగదీసిన పలుగురాతి పలకలో ఒక చుక్క, చుక్కలో గుండ్రటి బుడగ, ఆ బుడగ ఆగకుండా వణుకుతోంది. ‘తాపీమేస్త్రీ రసమట్టంలా ఉందే!’ అన్నాను. ‘రసమట్టంలో బుడగని మనుషులు వదిలారు, ఇందులోది దానంతట పుట్టింది’ అన్నాడు. మూతపడిన రోజున ఆ గదినిండా వేడినీరే. చల్లారేకొద్దీ రాయి కొంచెమే కుంచించుకుపోయింది, నీరు బాగా కుంచించుకుపోయింది. మిగిలిన ఖాళీయే బుడగ. అలాగైతే వెనక్కి వేడిచేసి, బుడగ ఎక్కడ మాయమవుతుందో చూస్తే, కనీసం అంత వేడిలో ఆ స్ఫటికం పెరిగిందని తెలుస్తుంది కదా! ఇంగ్లండులోని షెఫీల్డ్‌కి చెందిన భూవిజ్ఞాని హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1858లో చెప్పింది ఇదే. మైక్రోస్కోపుతో కొండల్ని చూస్తాడట అని అప్పట్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆ వేడికి పుస్తకాల భాషలో ‘సజాతీయీకరణ ఉష్ణోగ్రత’ అనవచ్చు. ఒకసారి పైకి చదివి చూడండి, తర్వాత మీ వ్యాసంలో ‘బుడగ మాయమయ్యే వేడి’ అని రాసుకోండి.

వేడిచేసినట్టే గడ్డకట్టించి కూడా చూస్తారు. ఉప్పు ఎక్కువైతే మంచు ఇంకా కింది ఉష్ణోగ్రతకే కరుగుతుంది. చివరి మంచుముక్క మైనస్ 10 డిగ్రీల దగ్గర కరిగిందంటే ఆ నీటిలో ఉప్పు దాదాపు 14 శాతం. సముద్రంలో ఉండేది మూడున్నర శాతమే.

ఇప్పుడు ‘ఫ్లూయిడ్’. ద్రవం అనేస్తే సరిపోదా అంటే, పోదు. చార్నోకైట్ అనే శిలలో చిక్కిన చుక్కల్లో చాలావాటిలో నీరే ఉండదు, కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అదే మన పాత పుస్తకాల బొగ్గుపులుసు వాయువు. ఒత్తిడి వల్ల చల్లటి గదిలో అది ద్రవంగా, మధ్యలో బుడగతో కనిపించవచ్చు. కానీ 31 డిగ్రీలు దాటితే దానికి ద్రవం, వాయువు అనే తేడాయే ఉండదు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో పెట్టండి, బుడగ ఉండదు. గదిలో ఎండనిబట్టి పేరు మారే వస్తువుని ద్రవం అని ఎలా అంటాం? ఇంటర్ ఫిజిక్స్ పుస్తకాల్లో ‘ప్రవాహి’ అని చక్కటి మాట ఉంది, ద్రవానికీ వాయువుకీ ఉమ్మడిగా. పెద్దల కోసం రాస్తే ‘చిక్కిన ప్రవాహి’ అనండి. పిల్లలకి మాత్రం ‘చుక్క’ చాలు, నీరే కానక్కర్లేదన్న ఆ వెసులుబాటు ఇందుకే.

ద్రవగర్భం దగ్గరికొద్దాం. భూమిని రత్నగర్భ అంటాం. రత్నాలు గర్భంలో గలది అని అర్థం, బహువ్రీహి. అంటే ఆ పేరు మోసేది భూమి, లోపలి రత్నం కాదు. అదే లెక్కన ద్రవగర్భం అంటే చుక్కని మోస్తున్న స్ఫటికం అవుతుంది, చుక్క కాదు.

మీరు అడగలేదు గానీ ఇంకో గోతి ఉంది, చెప్పకపోతే అందులో పడతారు. కొన్ని చుక్కల్లో నీరు, బుడగతో పాటు చిన్న ఉప్పు ఘనం కూడా ఉంటుంది. చల్లారాక నీటిలో ఇమడలేక పేరుకున్న ఉప్పు అది. కొలంబియాలోని ముజో గనుల పచ్చల్లో ఈ మూడూ కలిసి కనిపిస్తాయి. అఫ్గానిస్థాన్ పంజ్‌షీర్ పచ్చల్లోనూ ఉంటాయి కాబట్టి దీన్నొక్కదాన్నే చూసి ఊరు చెప్పలేం. ఆ ఘనాన్ని ఇంగ్లిషులో ‘డాటర్’ అంటారు. ఫోన్ దాన్ని ‘కుమార్తె ఖనిజం’ చేస్తుంది, పెళ్లిపత్రికలోలాగా. మనకి పిల్లకాలువ, పిల్లవేరు ఉన్నాయి, పిల్లస్ఫటికం చాలు.

అలాగే ‘ప్రాథమిక’, ‘ద్వితీయ’ అని కూడా వస్తాయి. స్ఫటికం పెరుగుతున్నప్పుడే చిక్కినవి మొదటి రకం. తర్వాతెప్పుడో రాయి పగిలి, పగులు మళ్లీ అతుక్కున్నప్పుడు దాని వెంట వరసగా మిగిలినవి రెండోవి. ఏది ఏదో గుర్తుపట్టకుండా వేడి కొలిస్తే లెక్కంతా తప్పుతుంది. పిల్లలకి ఇది చెప్పడం తేలికే: పుట్టుమచ్చ వేరు, దెబ్బ మానిన మచ్చ వేరు.

వ్యాసాన్ని షెఫీల్డ్‌తో మొదలుపెట్టకండి. చేలగట్ల మీద పాలలా తెల్లగా ఉండే పలుగురాయిని ఊళ్లో పిల్లలు చాలామంది చూసే ఉంటారు. ఆ తెలుపు ఈ చుక్కల వల్లే, లక్షల కొద్దీ చిక్కుకుని వెలుతుర్ని చెదరగొట్టడం వల్ల. అక్కడ మొదలుపెట్టి, రెండో వాక్యంలోనే ‘భూవిజ్ఞానులు వీటిని ఫ్లూయిడ్ ఇన్‌క్లూజన్లు అంటారు’ అని రాసేయండి. ఆ మాట కూడా పిల్లలకి తెలియాలిగా.