గురి సంగతి తర్వాత, ముందు తూటా గన్నులోంచి వెనక్కి రావాలి

ప్రశ్న: "టెక్సస్‌లో ఉంటున్నాను, ఈ ఏడాది జింకల వేట మొదలుపెడుతున్నాను. తూటాలు ఇంట్లో లోడ్ చేసుకుంటే డబ్బు మిగులుతుందా? వేటలో వాటిని నమ్మొచ్చా?"

నమ్మొచ్చు. నేను చేసినవాటిని నేను నమ్ముతాను, మొదటి ఏడాది చేసినవాటిని తప్ప. డబ్బు సంగతి చివర్లో చెప్తాను. కొత్తవాళ్లకి ఒక్క మాట: తూటా అంటే ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల పౌడరు, మూతిలో బుల్లెట్. కాల్చిన కేసులో మిగతా మూడూ కొత్తగా పెట్టుకోవడమే లోడ్ చెయ్యడం.

నల్గొండ వైపు పొలాల్లో అడవిపందులు పడితే డబ్బాలు మోగించి తరమడం చూసి పెరిగినవాణ్ణి. ఇక్కడ వాటికి సీజనే లేదు, ఏడాది పొడవునా కాల్చుకోవచ్చంటే మొదట నమ్మలేదు. గ్రీన్‌కార్డ్ వచ్చాకే రైఫిల్ కొన్నాను, .308 వించెస్టర్ అనే సైజు తూటాలు కాల్చేది. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకి రూల్స్ వేరు. రూమ్మేట్ చెప్పాడని కొనెయ్యకండి, లాయర్ని అడగండి. ఇండియా నుంచి మెసేజ్ పెట్టే తమ్ముళ్లకు కూడా ఇక్కడే చెప్తున్నా: అక్కడ 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది, లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే ఆయుధాల చట్టం ఉంది. నన్ను అడగొద్దు.

ఇక యూట్యూబ్. వంద గజాల్లో ఐదు తూటాలూ ఒకే కన్నంలో పెట్టానని చూపించేవాళ్లే అందరూ. బుల్లెట్‌ని కేసులో కాస్త పైకే ఉంచి, రైఫ్లింగ్‌ని, అంటే బారెల్ లోపలి మెలికల గాళ్లని, తాకేలా కూర్చోపెడితే గురి బాగుంటుందన్నారు. చేశాను. నిజంగానే మూడు కన్నాలూ రూపాయి బిళ్ల కింద దాగిపోయాయి. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. "మంచిదిరా, ఉద్యోగం ఎలా ఉంది?" అన్నాడు బాబాయ్.

ఆ నవంబరులో మొదటి శనివారం, సీజన్ మొదటి రోజు, లానో దగ్గర మా కొలీగ్ మామగారి రాంచ్‌కి వెళ్లాం. తెల్లవారకముందే నన్ను మంచె ఎక్కించారు. పదకొండు దాకా ఆడ జింకలు తప్ప ఏమీ రాలేదు. కిందికి దిగే ముందు రైఫిల్ ఖాళీ చెయ్యాలి కదా, తూటాని లోపలికి తోసి బయటికి లాగే బోల్ట్‌ని వెనక్కి లాగాను. కాస్త పట్టినట్టు అనిపించి, టక్కున వచ్చేసింది. వచ్చింది ఇత్తడి కేసు ఒక్కటే. మూతి ఖాళీ. బుల్లెట్ రైఫ్లింగ్‌లో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. కేసులోని పౌడరంతా రైఫిల్ లోపలికి పోయింది. విరిగిన పెన్సిల్ ములుకుల్లాంటి సన్నటి ముక్కలు, తూటాలు నింపే మ్యాగజైన్‌లో, బోల్ట్ గాడిలో, ట్రిగ్గర్ సందుల్లో. ఊదితే ఇంకా లోపలికి పోయాయి.

క్లీనింగ్ రాడ్ ఇంట్లో ఉంది. ఇల్లు మూడు గంటల దూరం.

పెద్దాయన తన రాడ్ తెచ్చి, బోల్ట్ పూర్తిగా తీసేసి, బారెల్ మూతి వైపు నుంచి దింపి రెండుసార్లు తట్టాడు. బుల్లెట్ అరచేతిలో పడింది. చుట్టూ పంటిగాట్లలా సన్నటి గీతలు. ట్రిగ్గర్ మాత్రం నొక్కుతుంటే ఇసుక నమిలినట్టు కరకరమంది. "దీన్ని పూర్తిగా విప్పి కడిగేదాకా ముట్టుకోవద్దు" అన్నాడు. సాయంత్రం మంచి మగజింక ఒకటి ఎనభై గజాల్లోకి వచ్చి, అడ్డంగా నిలబడి, తీరిగ్గా గడ్డి తింది. నేను బైనాక్యులర్స్‌తో చూశాను.

రాత్రి భోజనాల దగ్గర పెద్దాయన అడిగాడు, ఆఫీసులో నీ పనేంటి అని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అన్నాను. టేబుల్ చుట్టూ పది నిమిషాలు నవ్వారు.

షూటింగ్ రేంజ్‌లో నాకు ఈ లోపం ఎందుకు దొరకలేదంటే, అక్కడ లోపలికి పెట్టిన ప్రతి తూటా కాల్చేస్తాం. కాల్చని తూటాని వెనక్కి తియ్యాల్సిన పని ఒక్కసారి కూడా పడలేదు. వేటలో రోజుకి నాలుగుసార్లు అదే పని. అందుకే పేపరు మీద బాగున్న తూటా అడవిలో పనికొస్తుందని ఎవరైనా అంటే నేను వినను. జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిదంగుళాలు ఉంటుంది. పేపరు మీద కన్నాలన్నీ అర అంగుళంలో పడ్డాయా, అంగుళంన్నరలోనా అన్నది దానికి అనవసరం.

ఇప్పుడు బుల్లెట్‌ని రైఫ్లింగ్‌కి బాగా దూరంగా, మ్యాగజైన్‌లో పట్టే పొడవుకే కూర్చోపెడతాను. పౌడరు, ప్రైమరు లేని డమ్మీ ఒకటి ముందు చేసి, పెట్టి తీసి చూస్తాను. కేసుల్ని ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ సైజ్ చేస్తాను, అంటే కాల్చినప్పుడు ఉబ్బిన కేసుని మొత్తం మళ్లీ కొలతకి నొక్కుతాను, మెడ ఒక్కటే సైజ్ చేస్తే నాలుగోసారికి బోల్ట్ మూసుకోనని మొండికేస్తుంది. .308 కేసు 2.015 అంగుళాలు దాటకూడదు, నేను 2.005కి కోసేస్తాను. ప్రైమర్ కూర్చున్నాక కేసు అడుగున వేలు రాసి చూడండి, ఉబ్బుగా తగిలితే అది వేటకి కాదు. బుల్లెట్లు పెట్టేముందు అన్ని కేసుల్లోకీ టార్చ్ వేసి, పౌడర్ ఒకే మట్టంలో ఉందో లేదో చూడండి. పౌడర్ ఎంతన్నది మాత్రం నన్ను కాదు, రీలోడింగ్ మాన్యువల్‌ని అడగండి. అందులో ఇచ్చిన స్టార్ట్ లోడ్, అంటే మొదలుపెట్టాల్సిన తక్కువ కొలత, దగ్గరే మొదలుపెట్టండి. టేబుల్ మీద ఒక్క పౌడర్ డబ్బాయే ఉండాలి. నాకు తెలిసిన ఒకాయన రెండు పెట్టుకున్నాడు, తర్వాత ఏది దేంట్లో పోశాడో తెలియక యాభై తూటాలు విప్పుకున్నాడు.

ఆగస్టు ఎండలో పౌడర్ కొలత తేల్చుకుని నవంబరు చలిలో కాల్చేవాళ్లు, పౌడర్‌ని బట్టి వేగం మారుతుందని గుర్తుంచుకోండి. ట్రక్ డాష్‌బోర్డ్ మీద ఎండలో తూటాలు పెట్టేవాళ్లకి మాత్రం ఏం చెప్పినా ఎక్కదు, వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది బాబూ.

బుల్లెట్ ఎంపికా అంతే. ఇప్పుడు నోస్లర్ పార్టిషన్ అని అమ్ముతున్నారే, అది పేపరు మీద కన్నాల కోసం పుట్టలేదు. 1946లో జాన్ నోస్లర్ బ్రిటిష్ కొలంబియాలో ఒళ్లంతా బురద పట్టిన మూస్‌ని, అంటే భారీ దుప్పిలాంటి జంతువుని, కాలిస్తే, బుల్లెట్లు లోపలికి దిగకుండా పైపైనే పగిలిపోయాయి. ఆ మంటతో మధ్యలో అడ్డుగోడ పెట్టి చేసిన బుల్లెట్ అది.

డబ్బు కదా మీరడిగింది. 2020కి ముందు వెయ్యి ప్రైమర్లు 30, 35 డాలర్లకు వచ్చేవి. కొరత రోజుల్లో వందకి పైనే పెట్టి, అదీ క్యూలో నిలబడి కొన్నాను. ప్రెస్సు, కేసుల్ని కొలతకి నొక్కే డైలు, పౌడర్ తూచే స్కేలు, కేసులు కోసే ట్రిమ్మరు, ఆ తర్వాత ఇంకో మంచి స్కేలు. అన్నీ కలిపి మా ఆవిడ ఎక్సెల్ షీట్ చేసి నాకు షేర్ చేసింది. ఇంకా ఓపెన్ చెయ్యలేదు.