వంటసోడాతో ఏం అవుతుంది, ఏం కాదు

చిన్నీ,

సింకులో సోడా వేసి వెనిగర్ ఒంపితే బుసబుసా పొంగింది గానీ నీళ్లు దిగలేదని రాశావు. దిగవు మరి. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. కలిస్తే ఒకదాని పస ఇంకొకటి లాగేస్తుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్, అంతే. చూడ్డానికి సంబరం, పని సున్నా. జాలీ తీసి చెత్త చేత్తో లాగెయ్. ఇకమీదట జిడ్డుకి సోడా, కుళాయిల మీద తెల్లగా గట్టిపడ్డ ఉప్పుకి వెనిగర్, విడివిడిగా వాడు.

సోడా అసలు సత్తా మాడిన గిన్నె దగ్గర తెలుస్తుంది. పీచుతో కుస్తీ పట్టకు. మాడు మునిగేదాకా నీళ్లు పోసి, రెండు చెంచాల సోడా వేసి, పది నిమిషాలు సన్నసెగన మరగనిచ్చి రాత్రంతా వదిలెయ్. పొద్దున చెక్క గరిటెతో తోస్తే పెచ్చులు పెచ్చులుగా లేచొస్తుంది. మరిగించమన్నది ఊరికే కాదు. వేడికి వంటసోడా కొంత బట్టల సోడాగా మారి ఘాటెక్కుతుంది. స్టీలు గిన్నెలకే సుమా, అల్యూమినియం నల్లబడిపోతుంది.

శనగలు నానేసే నీళ్లలో చిటికెడు వేస్తే తొందరగా మెత్తబడతాయి. చేయి జారిందా, సబ్బు రుచి. బి1 విటమిన్ కూడా పోతుంది. పిండిలో వేస్తే పెరుగో నిమ్మరసమో తోడుండాలి, కలపగానే పొయ్యెక్కాలి. పాత పొట్లం పనికొస్తుందో లేదో నిమ్మరసంలో కాస్త వేసి చూడు, నురగ రాకపోతే పారెయ్.

ఫ్రిజ్ మూలన చిన్న గిన్నెలో పెడితే ఒరిగేదేం లేదు. వెడల్పు పళ్లెంలో పలచగా పరిస్తే కొంత నయం. ముందు ఆ కంపు దేన్నించి వస్తోందో వెతుకు!

అల్లుడు ఛాతీలో మంటకి రోజూ వంటసోడా కలిపిన నీళ్లు తాగుతున్నాడట, అది నాకు నచ్చలేదు. ఒక్క చెంచా సోడాలో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి 2,000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మంట తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.

పొయ్యి పక్కన ఒక సోడా డబ్బా ఉంచుకో. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకు. స్టవ్ కట్టేసి మూత పెట్టు. చిన్న మంటైతే సోడా గుప్పిళ్లతో చల్లు. డబ్బా మీద పేరు పెద్దక్షరాలతో రాసిపెట్టు, కంగారులో పిండి చల్లావంటే భగ్గుమంటుంది.

నీ పిన్ని