సగటు .240 ఉన్న క్యాచర్‌కు అన్ని కోట్లు ఎందుకిచ్చారు? గ్రాండాల్ గురించి ఒక పాత వికెట్ కీపర్ జవాబు

మీ ప్రశ్న ఇది: యాస్మానీ గ్రాండాల్ అనే క్యూబా క్యాచర్ 2021లో కొట్టిన సగటు .240 మాత్రమే, అలాంటి వాడికి షికాగో వైట్ సాక్స్ జట్టు నాలుగేళ్లకు 7.3 కోట్ల డాలర్లు ఎందుకిచ్చింది, అయినా క్యాచర్ అంటే మన వికెట్ కీపరే కదా, అందులో అంత ఏముంది అని. ఖమ్మంలో ఉన్నప్పుడు పదేళ్ల పాటు మా జట్టుకు కీపింగ్ చేశాను. ఇప్పుడు షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటున్నాను, మా అబ్బాయి తొమ్మిదో ఏట నుంచి బేస్‌బాల్‌లో క్యాచర్‌గా ఆడుతున్నాడు. వాడి పుణ్యమా అని గ్రాండాల్ ఆటను చాలా దగ్గరగా గమనించాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ సగటు సంగతి. బేస్‌బాల్‌లో సగటు అంటే హిట్లు, అంటే బంతిని కొట్టి బేస్ చేరినవి, మాత్రమే లెక్క. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) నాలుగు బంతులు గతి తప్పి వేస్తే బ్యాటర్‌కు ఊరికే మొదటి బేస్ ఇస్తారు, దాన్ని వాక్ అంటారు, అది సగటులోకి రాదు. గ్రాండాల్ 2021లో 93 మ్యాచ్‌లు ఆడి 67 హిట్లు కొట్టాడు, 87 వాక్‌లు సంపాదించాడు. అంటే కొట్టి వెళ్లినవాటి కన్నా ఓపిగ్గా నిలబడి వెళ్లినవే ఎక్కువ. వందసార్లు బ్యాటింగ్‌కు వస్తే నలభై రెండుసార్లు అవుట్ కాకుండా బేస్ చేరాడన్నమాట. పైగా 23 హోమ్ రన్లు, మన సిక్సర్ల లాంటివి. ఆఫ్ స్టంప్ బయట పడే బంతిని రోజంతా వదిలేయగల టెస్ట్ ఓపెనర్‌ను మనం ఎంత మెచ్చుకుంటాం? ఇదీ అలాంటి ఓపికే, కాకపోతే ఇక్కడ బంతిని వదిలేసినందుకు కూడా ఫలితం దక్కుతుంది.

ఇక క్యూబా ఆటగాడు అనగానే చాలామంది పడవెక్కి పారిపోయి వచ్చాడేమో అనుకుంటారు. గ్రాండాల్ కథ వేరు. 1988లో హవానాలో పుట్టాడు, పదేళ్ల వయసులో కుటుంబంతో కలిసి మయామీ వచ్చేశాడు. హైస్కూలు అక్కడే, కాలేజీ కూడా అక్కడే, మయామీ విశ్వవిద్యాలయంలో. అందుకే మామూలు అమెరికా కుర్రాళ్లలాగే డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) ద్వారా వచ్చాడు, 2010లో సిన్సినాటి రెడ్స్ అతన్ని 12వ ఎంపికగా తీసుకున్నారు. వైట్ సాక్స్‌లో తర్వాత అతనితో ఆడిన హోసే అబ్రేయు అయితే క్యూబా లీగ్‌లో పెద్ద స్టార్ అయ్యాక దేశం వదిలి వచ్చినవాడు. ఇద్దరిదీ ఒకే దేశం, వచ్చిన దారులు మాత్రం వేరు.

రెడ్స్ తరఫున పెద్ద లీగ్‌లో, అంటే మేజర్ లీగ్‌లో, ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే 2011 చివర్లో అతన్ని శాన్ డియేగో పాడ్రెస్‌కు ఇచ్చేశారు. అక్కడ 2012 జూన్ 30న కొలరాడోలో ఒక వింత జరిగింది. గ్రాండాల్ రెండు చేతులా బ్యాటింగ్ చేస్తాడు. పెద్ద లీగ్‌లో అతని మొదటి రెండు హిట్లూ ఆ రోజే వచ్చాయి, రెండూ హోమ్ రన్లే, ఒకటి ఎడమచేతి వైపు నుంచి, ఇంకొకటి కుడిచేతి వైపు నుంచి. అంతకు ముందు ఎవరూ అలా మొదలుపెట్టలేదు. కానీ అదే ఏడాది నవంబరులో టెస్టోస్టెరోన్ పరీక్షలో దొరికిపోయి 50 మ్యాచ్‌ల నిషేధం పడింది. అది అతను చేసిన తప్పే, అతనంటే నాకు ఎంత ఇష్టమున్నా దాన్ని దాటేసి రాయలేను. నిషేధం ముగించుకుని 2013లో తిరిగొచ్చాక హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటి పలక) దగ్గర రన్నర్ వచ్చి ఢీకొట్టడంతో మోకాలి లిగమెంట్ తెగింది. క్యాచర్‌కు మోకాలే జీవనాధారం, రోజుకు నూటయాభై సార్లు కూర్చుని లేవాలి. 2014 చివర్లో పాడ్రెస్ వాళ్లు మ్యాట్ కెంప్‌ను తెచ్చుకోవడానికి ఇతన్ని లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు పంపారు. అతని అసలు విలువ జనానికి తెలిసింది అక్కడే.

అదే ఫ్రేమింగ్, అంటే అంచు మీద పడ్డ బంతిని అంపైర్‌కు మంచి బంతిలా కనిపించేలా పట్టడం. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది.

క్రికెట్‌లో అంపైర్ బౌలర్ దగ్గర నిలబడతాడు. బేస్‌బాల్‌లో క్యాచర్ వెనకే, అతని భుజం మీదుగా చూస్తూ ఉంటాడు. బంతి ప్లేటు మీదుగా సరైన ఎత్తులో వెళ్లిందా లేదా అన్నది అతను అరక్షణంలో చెప్పాలి, వెళ్తే స్ట్రైక్, లేకపోతే బాల్. అంచు మీద పడ్డ బంతిని క్యాచర్ ఎలా అందుకున్నాడన్నది అంపైర్ కంటిమీద ప్రభావం చూపిస్తుంది. ఒక బాల్, ఒక స్ట్రైక్ దగ్గర ఉన్నప్పుడు తర్వాతి బంతి స్ట్రైక్ అయితే పిచర్‌ది పైచేయి, బాల్ అయితే బ్యాటర్‌ది. ఆ ఒక్క బంతితో మొత్తం ఆటే అటు నుంచి ఇటు మారిపోవచ్చు, అలాంటివి ఒక మ్యాచ్‌లో చాలానే వస్తాయి. 2008 నాటికి అన్ని మైదానాల్లో బంతి దారిని కొలిచే కెమెరాలు వచ్చాయి కాబట్టి, ఏ క్యాచర్ చేతిలో ఎన్ని అంచు బంతులు స్ట్రైక్ అయ్యాయో లెక్కపెట్టడం కుదిరింది. డాడ్జర్స్‌లో ఉన్న నాలుగేళ్లూ ఆ లెక్కల్లో గ్రాండాల్ పైవరసలో ఉండేవాడు. స్కోరుకార్డులో కనిపించని పని ఇది, జట్ల యాజమాన్యాలకు మాత్రం బాగా కనిపించింది.

ఇది నాకు అర్థమైంది మాత్రం మా అబ్బాయికి తప్పు నేర్పడం వల్ల. మనకు కీపింగ్‌లో మొదటి రోజే చెప్పే పాఠం ఏమిటి? బంతితో పాటు చేతులు వెనక్కి వెళ్లాలి, బంతిని మెత్తగా తీసుకోవాలి, ఎదురెళ్తే వేళ్లు విరుగుతాయి, బంతి చేతిలోంచి ఎగిరిపోతుంది. మావాడికీ అదే నేర్పాను, ఇంటి ముందు డ్రైవ్‌వేలో రోజూ సాయంత్రం నేను విసరడం, వాడు పట్టడం. ఒక్క బంతి కూడా వదిలేవాడు కాదు, నాకు ఎంత గర్వంగా ఉండేదో. కానీ మ్యాచ్‌లో మోకాలి ఎత్తులో మంచి బంతి పడినా, వాడు మెత్తగా అందుకునేసరికి గ్లోవ్ బంతితో పాటు జారి మట్టికి ఆనేది. వెనకనున్న అంపైర్‌కు కనిపించేది మట్టిలో ఉన్న గ్లోవ్. 'బాల్' అనేవాడు. పిచింగ్ చేసే పిల్లాడు నడుం మీద చేతులు పెట్టుకుని మావాడి వంక చూసేవాడు, మావాడికేమో తప్పెక్కడ జరుగుతోందో తెలియక మొహం చిన్నబోయేది.

నాలుగైదు మ్యాచ్‌లయ్యాక కోచ్ నన్ను పక్కకు పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు: బంతి వచ్చేలోపే గ్లోవ్ కిందికి వెళ్లి ఉండాలి, బంతి తగిలే క్షణంలో అది కింది నుంచి పైకి వస్తూ ఉండాలి, అక్కడే ఆగిపోవాలి. ఇంటికెళ్లి వైట్ సాక్స్ మ్యాచ్ పెట్టుకుని గ్రాండాల్ ఎడమచెయ్యి ఒక్కటే చూడమన్నాడు.

ఆ రాత్రే చూశాం, బంతి బంతికీ ఆపి, వెనక్కి తిప్పి. పిచర్ చెయ్యి తిరిగేటప్పుడు గ్రాండాల్ గ్లోవ్‌ను నేలవైపు వదిలేసేవాడు, నిద్రపోతున్న చెయ్యిలా. బంతి సగం దూరం వచ్చాక బొటనవేలు కిందికి తిరిగి, మొత్తం చెయ్యి పైకి లేచి, బంతిని ప్లేటు అంచు దగ్గర పట్టి అక్కడే బిగించేవాడు. తల కదలదు, భుజం కదలదు. మావాడు టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుని వంటింటి మిట్టెన్ చేతికి తొడుక్కుని అలాగే చెయ్యి ఎత్తుతూ ఉన్నాడు. నేను పదేళ్లు చేసిన పనికి ఇది పూర్తిగా రివర్స్, నా చేతులకు ఈరోజుకీ అలవాటు కాలేదు. అంచేత క్యాచర్ అంటే కీపరే కదా అన్న మీ మాటతో నేను ఏకీభవించను. ఓపిక, మోకాళ్లు, చూపు వరకే పోలిక. చేతుల దగ్గరికి వచ్చేసరికి రెండూ వేరువేరు విద్యలు.

ఈ విద్యకు ఒక నష్టం కూడా ఉంది. అంచు బంతిని దొంగిలించాలని చూసినప్పుడు ఒక్కోసారి బంతే చేజారిపోతుంది. మన బై పరుగుల్లాగా దాన్ని పాస్డ్ బాల్ అంటారు. 2018 అక్టోబరులో మిల్వాకీ బ్రూవర్స్ మీద నాకౌట్ సిరీస్‌లో గ్రాండాల్‌కు అదే జరిగింది, బంతులు చేతిలో నిలవలేదు, బ్యాటూ పలకలేదు, సొంత మైదానంలోనే జనం గేలి చేసి, ఆస్టిన్ బార్న్స్‌ను పంపండని అరిచారు. ఏడాదంతా అతను కాపాడిన స్ట్రైకులు ఎవరికీ కనిపించలేదు, జారవిడిచినవి మాత్రం అందరికీ కనిపించాయి. కీపింగ్ చేసిన ఎవరికైనా ఆ బాధ తెలుస్తుంది.

తర్వాత న్యూయార్క్ మెట్స్ నాలుగేళ్లకు 6 కోట్లు ఇస్తామన్నారని వార్తలొచ్చాయి, అతను ఒప్పుకోలేదు, ఒక్క ఏడాదికి 1.825 కోట్లకు సంతకం చేశాడు, అదీ ఏ జట్టు మీద నవ్వులపాలయ్యాడో ఆ బ్రూవర్స్‌తోనే. ఎంత ధైర్యం కావాలి దానికి! 2019లో 153 మ్యాచ్‌లు ఆడాడు, 28 హోమ్ రన్లు, 109 వాక్‌లు, ఆల్ స్టార్ కూడా అయ్యాడు. వైట్ సాక్స్ 7.3 కోట్లు ఇచ్చింది ఆ తర్వాతే, అంటే మీరు చెప్పిన 2021 సగటుకు ముందే, అప్పటికి ఆ జట్టు చరిత్రలో అదే అతిపెద్ద కాంట్రాక్ట్.

మరి ఆ డబ్బు గిట్టుబాటైందా? నా లెక్కలో సగం. 2020 ఆగస్టులో వరసగా నలుగురు హోమ్ రన్లు కొట్టిన ఆ మ్యాచ్ ఉంది చూడండి, మొదటి ముగ్గురూ, అంటే మొంకాడా, గ్రాండాల్, అబ్రేయు, క్యూబాలో పుట్టినవాళ్లే. 2021 జులైలో మోకాలి గాయమై, ఆగస్టు 27న తిరిగొచ్చిన రోజే షికాగో కబ్స్ మీద రెండు హోమ్ రన్లు, 8 ఆర్‌బీఐలు (అతని బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు). ఆ రోజు మా ఇంట్లో అరుపులకు పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. 2022 నుంచి మాత్రం శరీరం సహకరించలేదు, ఆ ఏడాది సగటు .202, హోమ్ రన్లు 5. చివరి రెండేళ్లు జట్టుకు నష్టమే. 2024లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు వెళ్లాడు, ఆ ఏడాది రూకీ ఆఫ్ ది ఇయర్ (ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు) అయిన పాల్ స్కీన్స్ బంతులు పట్టినవాళ్లలో అతనూ ఒకడు.

ఇంకొక విషయం, ఇది మీ ప్రశ్నలో లేదు కానీ చెప్పాలి. 2026 సీజన్ నుంచి పెద్ద లీగ్‌లో మన డీఆర్‌ఎస్ లాంటిది పెట్టారు. జట్టుకు రెండు చాలెంజ్‌లతో మొదలు, గెలిస్తే అది పోదు, బ్యాటర్, పిచర్, క్యాచర్ ఈ ముగ్గురే టోపీ తట్టి అడగాలి. అంటే దొంగిలించిన స్ట్రైక్‌ను బ్యాటర్ వెనక్కి తీసుకోవచ్చు. గ్రాండాల్ కోట్లు సంపాదించిన విద్య విలువ ఇకమీదట కొంత తగ్గుతుంది. మా అబ్బాయి ఇప్పుడు ఆలోచిస్తున్నది కూడా దీని గురించే. మొన్న సాయంత్రం ఇరవై బంతులు విసరమన్నాడు, మోకాలి ఎత్తులో, కొన్ని లోపల, కొన్ని బయట, ఎటు వేస్తున్నానో చెప్పకుండా. ప్రతి బంతి పట్టాక గ్లోవ్ కదపకుండా, అది అసలు స్ట్రైకో కాదో తన నోటితో చెప్పాడు. ఇరవైలో పదిహేను సరిగ్గా చెప్పాడు.