చారల చొక్కా వేసుకోబోతున్న హర్షకు

చి. హర్షకు బాబాయ్ ఆశీస్సులు.

చారల చొక్కా వేసుకుని ఐస్ హాకీ రిఫరీ అవుతానని, ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్) దాకా వెళ్లాలనుందని నువ్వు మెసేజ్ పెట్టావని మీ నాన్న కంగారు పడుతున్నాడు. నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. కెనడాలోని ఒంటారియోలో ఇన్నేళ్లు పిల్లల మ్యాచ్‌లకు విజిల్ ఊదినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

అన్నిటికన్నా ముందు స్కేటింగ్. రూల్‌బుక్ కూర్చుని చదివితే వస్తుంది. ఆట మీంచి చూపు తిప్పకుండా వెనక్కి స్కేట్ చేయడం మాత్రం ఏళ్ల తరబడి సాధన చేస్తేనే వస్తుంది. ఆటగాళ్లు నిమిషం లోపే షిఫ్ట్ (వంతు) మారి బెంచి మీద ఊపిరి తీసుకుంటారు. మనకు బెంచి లేదు, పీరియడ్ 20 నిమిషాలూ మంచు మీదే ఉండాలి. కాళ్లు అలిసిపోతే నెట్ దగ్గరికి ఆలస్యంగా చేరతావు, గోలీ (గోల్‌కీపర్) ప్యాడ్ కింద పక్ (ఆడే రబ్బరు బిళ్ల) ఎక్కడుందో కనబడదు. కనబడనిదాన్ని ఊహించి విజిల్ వేయకూడదు. తప్పుడు నిర్ణయాల్లో చాలావరకు తెలివి తక్కువై వచ్చేవి కావు, నిలబడిన చోటు సరిగా లేక వచ్చేవి.

1993 మే 27న లాస్ ఏంజిలిస్‌లో జరిగింది నీకు తెలిసే ఉంటుంది. ఓవర్‌టైమ్‌లో లాస్ ఏంజిలిస్ ఆటగాడు గ్రెట్జ్‌కీ స్టిక్ తగిలి టొరంటో ఆటగాడు గిల్మర్ గడ్డం నుంచి రక్తం కారింది. రిఫరీ కెర్రీ ఫ్రేజర్‌కు అది కనబడలేదు. గీతల దగ్గర ఆట చూసే లైన్స్‌మెన్‌ను అడిగితే వాళ్లూ చూడలేదన్నారు. పెనాల్టీ లేదు. కాసేపటికే గ్రెట్జ్‌కీ గోల్ కొట్టి మ్యాచ్ గెలిపించాడు. టొరంటోలో ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు. ఆ కాల్ తప్పిపోయిందని తర్వాత ఫ్రేజరే చెప్పారు. కానీ చూడకుండా పెనాల్టీ వేయనందుకు నేను ఆయన్ను తప్పుపట్టను. అప్పట్లో ఆటకు ఒక్కడే రిఫరీ. 2000-01 సీజన్ నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రతి మ్యాచ్‌కూ ఇద్దరున్నారు.

మొదట్లో నీకు లైన్స్‌మన్ పని ఎక్కువగా ఇవ్వొచ్చు, చిన్నబుచ్చుకోకు. ఆఫ్‌సైడ్‌కు (పక్ కంటే ముందే ఆటగాడు ఎదుటి జట్టు జోన్‌లోకి వెళ్లడం) తొందరపడకు, పక్ ఆ జోన్ మొదలయ్యే బ్లూలైన్‌ను పూర్తిగా దాటేదాకా ఆగు.

ఇక అరుపులు. కోచ్ అరిస్తే నువ్వూ గొంతు పెంచకు. "నేను చూసింది ఇదీ" అని ఒక్క మాటలో చెప్పు. అడ్డం వచ్చి చూడలేకపోతే ఆ సంగతే చెప్పు, నిజాయితీగల కోచ్‌లు దాన్ని గౌరవిస్తారు. స్టాండ్స్‌లోని తల్లిదండ్రులతో మాత్రం వాదన వద్దు. హద్దు మీరితే రిపోర్ట్ రాయి. పద్దెనిమిది నిండని రిఫరీలకు చాలాచోట్ల చేతికి కట్టుకునే ఆకుపచ్చ పట్టీ ఇస్తున్నారు, చిన్నపిల్లలని గుర్తుంచుకోమని. అది కట్టుకోవడానికి సిగ్గుపడకు.

దారి చాలా పొడుగు. హాకీ కెనడా క్లినిక్ (శిక్షణ తరగతి), పిల్లలు ఆడే మైనర్ హాకీ, జూనియర్, ఆ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌కు కింది మెట్టైన ఏహెచ్‌ఎల్ లీగ్. బఫెలోలో ఎన్‌హెచ్‌ఎల్ పెట్టే కంబైన్‌కు (కొత్త రిఫరీలను పరీక్షించే శిబిరం) మాజీ ఆటగాళ్లు కూడా వస్తారు. పైన ఉన్న ఉద్యోగాలు చాలా తక్కువ. అందుకే డిగ్రీ మానొద్దు. ఈ విషయంలో మీ నాన్న చెప్పేదే నా మాట కూడా.

విజిల్ మాత్రం వేళ్లకు తగిలించుకునే రకం కొను, చేయి పైకెత్తి సిగ్నల్ ఇస్తూనే ఊదొచ్చు. వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. స్కేట్స్ సాన పట్టించి ఉంచు, రింక్‌కు వెళ్లి ఓ గంట వెనక్కి స్కేటింగ్ చేద్దాం.

ప్రేమతో,
బాబాయ్