పాఠకుల ప్రశ్నలు: లైనక్స్ కంప్యూటర్‌కు ముందు కార్డా, మానిటరా?

ప్రశ్న: ఇంట్లో తెలుగు పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతుంటాను. రైజెన్ 5 5600జి ప్రాసెసర్, ఉబుంటు 24.04 (లైనక్స్), 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఉన్నాయి. సాయంత్రానికి కళ్లు లాగేస్తున్నాయి. గ్రాఫిక్స్ కార్డు వేస్తే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయని షాపులో అన్నారు. 30 వేల దాకా పెట్టగలను. ఏ కార్డు కొనాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కార్డు వద్దండి. ఆ డబ్బు మానిటర్ మీద పెట్టండి. అక్షరం స్పష్టత కార్డుతో రాదు, తెరలో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్నదాన్ని బట్టి వస్తుంది. మీ తెరలో అవి 92. దాని మీద 11 పాయింట్ల ఫాంటుకు దక్కేది సుమారు 15 పిక్సెళ్ల ఎత్తు. ఇంగ్లిష్‌కు అది సరిపోతుంది. మనకు మాత్రం అందులోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు ఇమడాలి. ‘స్త్రీ’ అని టైప్ చేసి దగ్గరగా చూడండి: త ఒత్తు, ర ఒత్తు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ‘ద’కూ ‘ధ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ తేడా అడుగున ఉండే చిన్న గీతే. ప్రూఫు దిద్దేవారికి ఆ గీతే ముఖ్యం. మీ తెర మీద దానికి దక్కేది ఒకటీ అరా పిక్సెల్.

27 అంగుళాల 4కే (3840×2160 పిక్సెళ్ల) తెరలో అంగుళానికి 163 పిక్సెళ్లు ఉంటాయి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిచి, ఫ్రాక్షనల్ స్కేలింగ్ (100, 200 కాక మధ్య శాతాలు కూడా ఎంచుకునే వీలు) ఆన్ చేసి, స్కేలు 175 శాతం పెట్టండి. అక్షరం ఇప్పుడున్న సైజులోనే ఉంటుంది గానీ కంప్యూటర్ దాన్ని 15 పిక్సెళ్ల చోట 26 పిక్సెళ్లతో గీస్తుంది. కంటికి తేడా మొదటి పేజీలోనే తెలుస్తుంది. ఐపీఎస్ ప్యానెల్ (ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం) తీసుకోండి. ఓఎల్ఈడీ తెరల్లో సబ్‌పిక్సెళ్ల (ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల) అమరిక వేరు కాబట్టి సన్నని గీతల అంచున రంగు కనిపించవచ్చు. రోజంతా అక్షరాలు చదివేవారికి అది నచ్చదు.

కొనేముందు మదర్‌బోర్డు మాన్యువల్ చూడండి. మీ ప్రాసెసర్ 4కేను 60 హెర్ట్జ్‌తో (సెకనుకు 60 సార్లు తెరను మారుస్తూ) ఇవ్వగలదు. బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకమైతే మాత్రం 30 దగ్గరే ఆగిపోయి, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దానికే కలపండి. ఇంకో సంగతి: వైన్‌తో (విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పాత విండోస్ ప్రోగ్రాములు నడుపుతున్నట్టయితే, వేలాండ్ (తెర మీద కిటికీలను చూపే పద్ధతి) సెషన్‌లో ఫ్రాక్షనల్ స్కేలు పెట్టినప్పుడు ఆ కిటికీలు మసకగా కనిపించవచ్చు. మీ పనంతా వాటిలోనే అయితే 27 అంగుళాల 2560×1440 తెర మేలు. 109 పిక్సెళ్లు ఉంటాయి, స్కేలు 100 శాతంలోనే వదిలేయవచ్చు.

ప్రశ్న: ఐ5-12400ఎఫ్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) ఉన్నాయి. బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను, గేములూ ఆడతాను. గ్రాఫిక్స్ కార్డు రేడియానా, జీఫోర్సా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: గేములే ప్రధానమైతే రేడియాన్ ఆర్ఎక్స్ 7600. దాని డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) లైనక్స్ కెర్నెల్‌లోనే, మెసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలోనే ఉంటుంది కాబట్టి విడిగా ఏమీ ఎక్కించనక్కర్లేదు. బ్లెండర్ మీద గట్టిగా పనిచేయాలనుకుంటే జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3060. బ్లెండర్‌లో తుది బొమ్మను తయారుచేసే సైకిల్స్ రెండరింగ్‌లో, ఎన్విడియా వారి ఆప్టిక్స్ సాంకేతికతతో అది ముందుంటుంది. 12 జీబీ మెమరీ ఉన్నదే అడిగి తీసుకోండి, అదే పేరుతో 8 జీబీది కూడా వచ్చింది. వీటి వాడకం 165, 170 వాట్లు. తయారీదారులు రెండింటికీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ సూచిస్తున్నారు. బడ్జెట్‌లో దాన్నీ కలుపుకోండి.

మీ ప్రాసెసర్ పేరులో ‘ఎఫ్’ ఉంది కదా, అంటే లోపల గ్రాఫిక్స్ లేదు. కేబుల్‌ను మదర్‌బోర్డుకు పెడితే తెర నల్లగానే ఉంటుంది, కార్డుకే పెట్టాలి. జీఫోర్స్ అయితే డ్రైవర్‌ను వెబ్‌సైట్ నుంచి దింపకండి. అలా ఎక్కించినది కెర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడు తరచూ తెగిపోతుంది. ఉబుంటులోని ‘అడిషనల్ డ్రైవర్స్’ నుంచే ఎక్కించండి. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను మొదలవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే అప్పుడొక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వచ్చి 10 సెకన్లు ఆగుతుంది. ఆలోగా ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామందికి తప్పేది ఇక్కడే: ఆ తెర దాటిపోతే డ్రైవర్ లోడవదు, తక్కువ రిజల్యూషన్‌తో నెమ్మదిగా డెస్క్‌టాప్ వస్తుంది. కార్డు పాడైందని వెనక్కి పంపేముందు ఆ దశ మళ్లీ చేసి చూడండి.

ప్రశ్న: 4కే, 120 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. కార్డు రేడియాన్. హెచ్‌డీఎంఐ 2.1 కేబుల్ పెట్టినా 60 దాటడం లేదు. కేబుల్ మార్చాలా?

జవాబు: కేబుల్ తప్పు కాదు. హెచ్‌డీఎంఐ 2.1ను ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌లో పెట్టేందుకు రేడియాన్ తయారీదారు ఏఎండీ చేసిన ప్రతిపాదనను, ఆ ప్రమాణాన్ని నిర్ణయించే హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదని 2024లో బయటికొచ్చింది. దాంతో ఆ డ్రైవర్ 2.0 హద్దులోనే, అంటే సెకనుకు 18 గిగాబిట్ల దగ్గరే ఆగుతోంది. పూర్తి రంగులతో 4కేకు అందులో 60 హెర్ట్జే పడుతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4కు మార్చండి, 120 వస్తుంది. మానిటర్ సొంత మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ 1.2 అని ఉంటే 1.4కు మార్చడం మరవకండి.

ప్రశ్న: పాత ఆఫీసు కంప్యూటర్‌లో రెండు మానిటర్ల కోసం జీటీ 710 కార్డు చవగ్గా ఇస్తామంటున్నారు. కొనొచ్చా?

జవాబు: వద్దు. దానికి పనికొచ్చే ఎన్విడియా 470 డ్రైవర్‌కు 2024తో అప్‌డేట్లు ఆగిపోయాయి. సన్న కేబినెట్ అయితే లో-ప్రొఫైల్ ఆర్ఎక్స్ 6400 చూడండి: 53 వాట్లే, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉంటాయి. వీడియో ఎన్‌కోడర్ (వీడియోను కుదించి ఫైలుగా మార్చే భాగం) మాత్రం అందులో లేదు. స్క్రీన్ రికార్డింగ్ చేసే పని ఉంటే ఆ భారం ప్రాసెసర్ మీదే పడుతుంది.