ఎండ ఉన్నా వేడెక్కని ఈత కొలను: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఇంటి ఈత కొలనుకు అమర్చుకున్న సోలార్ హీటరు గురించే ఉన్నందున వాటిని ఒకచోట చేర్చాము. ఇక్కడ ప్రస్తావిస్తున్నది ఇంటి కప్పు మీద పరిచే, పైన అద్దం లేని నల్లని ప్లాస్టిక్ లేదా రబ్బరు ప్యానెళ్లను. స్నానానికి వేడినీళ్లిచ్చే సోలార్ హీటరును కాదు. కొలను పంపు నీటిని లాగి ఫిల్టరు గుండా పంపుతుంది, అక్కడ మోటారు వాల్వు ఆ నీటిని కప్పు మీదికి మళ్లిస్తుంది, ప్యానెళ్లలోని సన్నని గొట్టాలలో వేడెక్కిన నీరు తిరిగి కొలనులోకి దిగుతుంది.

ప్రశ్న: మా కొలనులో సుమారు 50,000 లీటర్ల నీరు పడుతుంది, ప్యానెళ్ల విస్తీర్ణం 20 చదరపు మీటర్లు. మండుటెండలో కూడా తిరిగి వచ్చే నీరు గోరువెచ్చగా కూడా ఉండకపోవడంతో, ప్యానెళ్లలో ఎక్కువసేపు నిలిస్తే బాగా కాగుతుందన్న ఆలోచనతో వాల్వును సగానికి పైగా మూశాను. ఇప్పుడు నీరు వేడిగానే వస్తోంది గానీ, వారం గడిచేసరికి కొలను మునుపటికంటే చల్లగా ఉంది. లోపం ఎక్కడుంది?

జవాబు: ముందుగా ఆ వాల్వును పూర్తిగా తెరవండి. మీ ప్యానెళ్లు మొదట్లో సరిగ్గానే పనిచేశాయి. మీరు చేసిన మరమ్మతే వాటి పనిని తగ్గించింది. సిగ్గుపడవలసిన పని లేదు, కొత్తలో ఈ పొరపాటు నేనూ చేశాను. ఈ ప్యానెళ్ల మీద అద్దం మూత లేదు కనుక, వాటి ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలి వేడి కంటే ఎంత పెరిగితే అంత ఎక్కువ వేడిని అవి గాలికే వదిలేస్తాయి. నీటి ధారను సన్నగిల్లజేస్తే వచ్చే కొద్ది నీరు వేడిగా ఉంటుంది నిజమే, అయితే ఆ వేడిని మోసుకువచ్చే నీటి పరిమాణం అంతకంటే ఎక్కువగా పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల వెలుతురు పడుతుంది. అందులో 70 శాతం నీటికి చేరిందనుకుంటే మీ 20 చదరపు మీటర్లకు 14 కిలోవాట్లు దక్కుతాయి. ఆ విస్తీర్ణానికి నిమిషానికి 80 లీటర్ల వరకు నీరు పారడం సబబు. అంత నీరు 14 కిలోవాట్లతో వేడెక్కేది రెండున్నర డిగ్రీలే. అంటే 26 డిగ్రీలతో వెళ్లిన నీరు ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీలతో తిరిగి వస్తుంది, చేతికి అది చల్లగానే తోస్తుంది. అలా తోచడమే అది సవ్యంగా పనిచేస్తోందనడానికి గుర్తు. ఇక 50,000 లీటర్లను 1 డిగ్రీ పెంచడానికి దాదాపు 58 యూనిట్ల శక్తి కావాలి కాబట్టి, అయిదు గంటల మంచి ఎండకు మీ కొలను 1 డిగ్రీ పైచిలుకు పెరుగుతుంది. ఒక్క రోజులో అయిదారు డిగ్రీలు పెరగాలని ఆశించడం ఆ ప్యానెళ్లకు అన్యాయం చేయడమే.

పరీక్ష కూడా చేతితోనే చేయవచ్చు. పంపు నడుస్తుండగా మధ్యాహ్నం వేళ ప్యానెళ్ల మీద అడుగు అడుగుకీ అరచెయ్యి ఆనించి చూడండి. నీరు పారుతున్న చోట, అంత ఎండలోనూ, ప్లాస్టిక్ చల్లగా తగులుతుంది. చెయ్యి చురుక్కుమన్న చోట నీరు పారడం లేదని అర్థం. వరుసలో ఒకటి రెండు ప్యానెళ్లే కాలుతుంటే వాటిలో గాలి చిక్కుకుని ఉండవచ్చు, లేదా నీరు లోపలికి వెళ్లే పైపు, బయటికి వచ్చే పైపు రెండూ ఒకే వైపున బిగించి ఉండవచ్చు. నీరు కింది మూలలో ప్రవేశించి, దానికి ఎదురు మూలన పైనుంచి వెలువడేలా అమరిస్తేనే అన్ని ప్యానెళ్లకూ సమానంగా అందుతుంది. అన్నీ ఒకేలా వెచ్చగా ఉంటే కప్పు ఎక్కవలసిన పని లేదు, ఫిల్టరు చూడండి. శుభ్రంగా ఉన్నప్పటి కంటే గేజి మీద ఒత్తిడి 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగిందంటే దాన్ని కడగవలసిన సమయం వచ్చినట్టే.

ప్రశ్న: కరెంటు ఆదా అవుతుందని పాత పంపు తీసేసి, వేగం మార్చుకునే కొత్త పంపు పెట్టించాము. అప్పటి నుంచి కొలనులోకి నీరు వచ్చే రంధ్రాల నుంచి రోజంతా బుడగలు వస్తున్నాయి. పంపు పాడైందా?

జవాబు: పంపు బాగానే ఉండి ఉంటుంది. అయినా ఒక సంగతి తేల్చుకోవాలి: సోలార్‌ను ఆపి, నీటిని కప్పు మీదికి పంపకుండా నేరుగా కొలనులోకి మళ్లించి పది నిమిషాలు గమనించండి. అప్పుడూ బుడగలు వస్తుంటే గాలి చొరబడుతున్నది పంపుకు ముందున్న భాగంలో. కొలనులో నీటి మట్టం బాగా తగ్గిందా, పంపు బుట్ట మూత కింద ఉండే రబ్బరు రింగు ఎండిపోయిందా చూడండి. అనుమానం ఉన్న అతుకు చుట్టూ కొంచెం షేవింగ్ నురగ పూసి పంపు ఆడించండి. గాలి పీల్చే చోట నురగ లోపలికి లాక్కుపోయి చిన్న గుంట పడుతుంది. రింగుకు సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి, పెట్రోలియం జెల్లీ రాస్తే రబ్బరు చెడిపోతుంది.

సోలార్ ఆపగానే బుడగలు ఆగిపోతే, మీ ఉత్తరాన్ని బట్టి అదే జరుగుతుందనుకుంటాను, గాలి కప్పు మీది వాక్యూమ్ వాల్వు నుంచి వస్తోంది. పంపు ఆగినప్పుడు గాలిని లోనికి విడిచి ప్యానెళ్లలోని నీరు కిందికి జారేలా చేయడం ఆ వాల్వు పని. పంపు నడిచేటప్పుడు లోపలి నీటి ఒత్తిడే దాన్ని మూసి ఉంచుతుంది. పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే అది ఇవ్వగలిగే ఒత్తిడి నాలుగో వంతుకు, కరెంటు వాడకం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతాయి. ఆ రెండో అంకె చూసి మురిసిపోయి మొదటిదాన్ని మరిచిపోవడం సాధారణంగా జరిగేదే. నెమ్మదిగా తిరిగే పంపు నీటిని కప్పు మీదికి ఎలాగో చేరుస్తుంది గానీ, అవతలి పైపులో దిగుతున్న నీరు తన బరువుతో పైనున్న నీటిని లాగుతూ ఉండటం వల్ల కప్పు మీద ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువై, వాల్వు తెరుచుకుని గాలి పీలుస్తుంది.

కాబట్టి సోలార్ నడిచే గంటలకు పంపులో విడిగా ఒక వేగం నిర్ణయించుకోండి. బుడగలు ఆగేవరకు కొద్దికొద్దిగా పెంచి, ఆపైన మరి కాస్త పెంచి అక్కడ నిలపండి. మిగతా వేళల్లో ఎంత నెమ్మదిగా తిప్పుకున్నా ఫరవాలేదు. అప్పటికీ ఆగకపోతే వాల్వులో చెత్త ఇరుక్కుందేమో విప్పి కడిగి చూడాలి, లేదా దాన్ని ఒత్తిడి ఎక్కువగా ఉండే కిందిచోటికి మార్పించాలి. విసుగెత్తి దానికి బిరడా మాత్రం బిగించకండి. నీరు దిగే దారి లేక ప్యానెళ్లలోనే నిలిచిపోతుంది, లోపల ఏర్పడే శూన్యానికి గొట్టాలు నొక్కుకుపోయే ప్రమాదం కూడా ఉంది. రోజూ సోలార్ మొదలైన మొదటి నిమిషం రెండు నిమిషాలు వచ్చే బుడగలు ప్యానెళ్లలో ఉన్న గాలివి; వాటిని లెక్కచేయనక్కరలేదు.

ప్రశ్న: సాయంత్రం శుభ్రంగా ఉన్న కొలను అడుగున తెల్లవారేసరికి మట్టి, ఆకుల ముక్కలు పేరుకుంటున్నాయి. ఫిల్టరు చిరిగిందేమోనని మార్చినా తగ్గలేదు.

జవాబు: ఫిల్టరుకూ ప్యానెళ్లకూ మధ్య ఉండవలసిన చెక్ వాల్వు, అంటే నీటిని ఒకే దిశలో పోనిచ్చే వాల్వు, పనిచేయడం లేదు, లేదా అసలు పెట్టనే లేదు. పంపు ఆగగానే కప్పు మీది నీరు వెనక్కి పరుగెత్తి, ఫిల్టరులో చిక్కిన మురికిని వెనుకదారిన కొలనులోకి కడిగేస్తోంది. చాలా చెక్ వాల్వుల మూత విప్పితే రెక్కను అక్కడే శుభ్రం చేయవచ్చు. రెక్క వంగినా, స్ప్రింగు విరిగినా మార్చక తప్పదు. క్లోరిన్ బిళ్లలు వేసే డబ్బా మీ పైపులకే అమర్చి ఉంటే, అది ప్యానెళ్ల నుంచి నీరు తిరిగి వచ్చే దారిలో, అన్నిటికంటే చివరన ఉన్నదో లేదో కూడా ఇదే అదనుగా చూసుకోండి.

ప్రశ్న: మా కంట్రోలరు పగలు సోలార్‌ను ఆపేసి, ఒక్కొక్కసారి రాత్రివేళ నడుపుతోంది. కొత్తది కొనాలా?

జవాబు: కొనే ముందు సెన్సర్లను అనుమానించండి. ఒక సెన్సరు కప్పు మీద ఎండ వేడిని, మరొకటి పైపులోని కొలను నీటి వేడిని చెబుతాయి. కప్పు నీటికంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు కంట్రోలరు వాల్వును తిప్పుతుంది. ఈ రెండింటిలో దేని మాట అబద్ధమైనా కంట్రోలరు తప్పుడు నిర్ణయమే తీసుకుంటుంది. అన్నిటికంటే ముందు మాత్రం, వేసవిలో కొలనును చల్లబరచడానికి కొన్ని కంట్రోలర్లలో ఉండే రాత్రి మోడ్‌ను ఎవరైనా పొరపాటున ఆన్ చేశారేమో చూడండి.

ఆ తర్వాత కంట్రోలరుకు కరెంటు తీసేసి, సెన్సరు తీగలు రెండూ విప్పి మల్టీమీటరుతో కొలవండి. ఈ పనికి ఎక్కువగా వాడే సెన్సరు 25 డిగ్రీల దగ్గర 10,000 ఓములు చూపుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతూ 30 డిగ్రీలకు సుమారు 8,000, 50 డిగ్రీలకు సుమారు 3,600 అవుతుంది. మీటరు అసలు కదలకపోతే తీగ ఎక్కడో తెగింది. అది కప్పు సెన్సరైతే కప్పు ఎప్పుడూ గడ్డకట్టే చలిలో ఉన్నట్టు భావించి కంట్రోలరు సోలార్‌ను మొదలే పెట్టదు. అంకె సున్నా దగ్గర ఉంటే రెండు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. కప్పు నిప్పుల కొలిమిలా ఉందనుకుని అర్ధరాత్రి కూడా పంపు తిప్పుతుంది. మీరు రాసిన రెండు లక్షణాలూ మార్చిమార్చి కనిపిస్తున్నాయంటే, ఒకసారి తగులుతూ ఒకసారి వీడుతూ ఉండే అతుకు మీద నా అనుమానం. ఎండకూ వానకూ పాడై పచ్చగా తుప్పు పట్టిన రాగి తీగ చివర మీకు కప్పు మీదే కనిపించవచ్చు. దాన్ని కత్తిరించి, కొత్త రాగి బయటపడేదాకా చెక్కి, నీరు చొరని కనెక్టరుతో కలపండి.

ప్రశ్న: ప్యానెల్ మధ్యలో ఒక సన్నని గొట్టం నుంచి నీరు చిమ్ముతోంది. జిగురు పెట్టాను, మూడు రోజుల్లో ఊడిపోయింది.

జవాబు: మీ ప్యానెళ్లు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌వి అయితే మామూలు జిగురు ఏదీ నిలవదు, పీవీసీ పైపుల జిగురు కూడా పట్టదు. పంపు ఆపి నీరంతా దిగాక, ఆ ఒక్క గొట్టాన్ని పైనా కిందా హెడర్ పైపుల (సన్నని గొట్టాలన్నీ కలిసే లావు పైపుల) దగ్గర కత్తిరించి, రెండు చివర్లకూ తయారీదారు అమ్మే బిరడాలు బిగించడమే సరైన పద్ధతి. అన్ని గొట్టాల మధ్య ఒకటి పోయినందువల్ల వేడిలో తేడా మీకు తెలియను కూడా తెలియదు. నీరు కారుతున్నది రెండు ప్యానెళ్ల మధ్య అతుకులో అయితే క్లాంపును కొద్దిగా మాత్రమే బిగించి చూడండి. బలమంతా పెట్టి బిగిస్తే హెడర్ పగులుతుంది, అప్పుడు ప్యానెలే మార్చాలి.

ప్రశ్న: పగలు పెరిగిన 2 డిగ్రీలు రాత్రికి రాత్రే పోతున్నాయి. సోలార్ రాత్రి ఆగే ఉంటోందని నిర్ధారించుకున్నాము. నీటి మట్టం కూడా రోజూ తగ్గుతోంది.

జవాబు: మీ రెండు ఫిర్యాదులకూ కారణం ఒకటే కావచ్చు. 1 లీటరు నీరు ఆవిరవుతూ తీసుకుపోయే వేడి, సుమారు 580 లీటర్ల నీటిని 1 డిగ్రీ చల్లబరచడానికి సరిపోతుంది. సగటున మీటరున్నర లోతున్న కొలనులో 5 మిల్లీమీటర్ల మట్టం ఆవిరైతే దాదాపు 2 డిగ్రీలు దానితోపాటే వెళ్లిపోతాయి. లీకు అనుమానం తీరాలంటే ఒక బకెట్టులో కొలను నీరే పోసి, లోపలా బయటా మట్టం సమానంగా ఉండేలా కొలను మెట్టు మీద నిలిపి, రెండు మట్టాలకూ గుర్తు పెట్టండి. 24 గంటల తర్వాత రెండూ ఒకే మేరకు తగ్గితే అది ఆవిరే, కొలను మట్టమే ఎక్కువ తగ్గితే లీకు.

ఆవిరే అయితే మరో ప్యానెల్ కొనే ముందు కొలను నీటి మీద పరిచే బుడగల ప్లాస్టిక్ కవరు కొనండి, అంతకంటే లాభసాటి ఖర్చు ఈ వ్యవస్థలో లేదు. బుడగలున్న వైపు నీటిని తాకేలా పరచి, ఈత అయిపోయిన వెంటనే కప్పండి. క్లోరిన్ ఎక్కువ మోతాదులో వేసిన రోజు మాత్రం ఆ ఘాటు తగ్గేవరకు దాన్ని తీసి పక్కన ఉంచండి.