సూదంటు రాయి నిజంగా దొరుకుతుందా? పూర్వం దేనికి వాడేవాళ్లు?

భూమిలో సహజంగా దొరికే అయస్కాంతపు రాయి నిజంగా ఉందా, పూర్వం దాన్ని దేనికి వాడేవాళ్లు, గుళ్లో ఇనుప విగ్రహాన్ని దాంతో గాల్లో నిలబెట్టారంటారు కదా అది నిజమేనా అని అడిగారు. రాయి ఉంది. విగ్రహం సంగతి తర్వాత చెబుతా. నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను, ఈ రాయి పిచ్చి కొంచెం ఎక్కువే, జవాబు పొడుగైతే ఓపిక పట్టండి.

మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం మనకేం కొత్త కాదు. పాడైన స్పీకర్లోంచి అయస్కాంతం తీసి పాలిథిన్ కవర్లో చుట్టి కృష్ణ ఇసుకలో తిప్పండి, నల్లటి రేణువులు కుచ్చులుగా అంటుకుంటాయి, వాటిలో చాలావరకు ఇదే. ఒంగోలు దగ్గర కొణిజేడు వైపు కొండల్లో ఇది చారలు చారలుగా ఉంటుంది. చీమకుర్తి క్వారీల్లో పనిచేసే మా బావ అటు వెళ్లినప్పుడు ఒక ముక్క తెచ్చిచ్చాడు. చేతికి బాగా బరువు తగిలింది, అయస్కాంతం పెడితే టక్కున పట్టేసింది, కానీ దాని పక్కన గుండుసూది పెడితే ఉలుకూ పలుకూ లేదు. అయస్కాంతానికి అంటుకునే రాయి వేరు, తనంతట తనే ఇనుమును లాగే రాయి వేరు. రెండోది చాలా అరుదు, మనం సూదంటు రాయి అనేది దాన్నే. తేల్చుకోవాలంటే దిక్సూచి చాలు. మామూలు ఇనుప రాయి ముల్లు రెండు కొసలనూ లాగుతుంది, అసలైనదాన్ని చుట్టూ తిప్పుతూ పోతే ఏదో ఒక పక్క ముల్లు కొసను తోసేస్తుంది. లాగడం చూసి నమ్మొద్దు, తోస్తేనే నమ్మాలి.

మరి ఒకే ఖనిజంలో కొన్ని ముక్కలకే ఈ గుణం ఎందుకంటే, ఎక్కువమంది ఒప్పుకునే కారణం పిడుగు. భూమికి ఉన్న అయస్కాంత క్షేత్రం రాయిని ఇంత గట్టిగా అయస్కాంతంగా మార్చేంత బలమైంది కాదు, పిడుగులో మాత్రం వేల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారుతుంది. ఈ రాళ్లు లోతు గనుల్లో కాకుండా నేల పైపొరల్లోనే దొరకడం కూడా దీనికి సరిపోతుంది. పిడుగు ఒక్కటే చాలదు, రాయి లోపలి నిర్మాణం కూడా ఆ గుణాన్ని పట్టి ఉంచేలా ఉండాలి. నా దగ్గరున్న అసలు ముక్క ఖనిజాలు అమ్మే వాళ్ల దగ్గర ఆన్‌లైన్లో కొన్నది, బావ తెచ్చిన ముక్కలో సగం కూడా ఉండదు, గుండుసూదుల్ని గుత్తిగా ఎత్తేస్తుంది.

ఇక వాడకం. మొదట్లో పెద్దలు దీన్ని చూసి ఆశ్చర్యపోవడమే ఎక్కువ. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు గ్రీకు తత్వవేత్త థేలీస్ ఇనుమును కదిలిస్తుంది కాబట్టి ఈ రాయికి ప్రాణం ఉందన్నాడని అరిస్టాటిల్ రాశాడు. మన కణాదుడు వైశేషిక సూత్రాల్లో సూది దాని వైపు జరగడాన్ని కంటికి కనపడని కారణం ఖాతాలో వేశాడు. కుమారసంభవంలో బ్రహ్మ దేవతలకు ఇచ్చే సలహా కూడా ఇదే ఉపమానంతో ఉంటుంది, అయస్కాంతం ఇనుమును లాగినట్టు ఉమ అందంతో శివుడి మనసును లాగండి అని.

నిజంగా పనికొచ్చిన వాడకమంటే నాకు సుశ్రుతుడిదే గుర్తొస్తుంది. ఒంట్లో దిగిన బాణపు ములుకుల్లాంటివి తీయడానికి ఆయన చెప్పిన 15 పద్ధతుల్లో అయస్కాంతం ఒకటి. ఊరికే రాయి పెట్టి లాగమనలేదు. ములుకు దిగిన దారిలోనే వెనక్కి వచ్చేలా ఉండాలి, గట్టిగా ఇరుక్కుని ఉండకూడదు, దానికి కొక్కేల్లాంటి చెవులు ఉండకూడదు, గాయం నోరు వెడల్పుగా ఉండాలి అని షరతులు పెట్టాడు. రాయికి నాలుగు వేళ్ల దూరంలో గుండుసూది పెట్టి చూస్తే ఆ షరతులు ఎందుకో అర్థమవుతుంది, దూరం పెరిగేకొద్దీ బలం అంత త్వరగా పడిపోతుంది.

లోకాన్ని మార్చిన వాడకం మాత్రం చైనా వాళ్లది, అక్కడ కూడా రాయి కన్నా సూదే హీరో. రాయి దగ్గరున్న గుణాన్ని సూదికి ఎక్కించడం, అంటే ఒకరకంగా ఛార్జింగ్ పెట్టడం. 1088 ప్రాంతంలో షెన్ కువో అనే చైనా పండితుడు రాశాడు: సూది మొనను ఈ రాయికి రుద్ది, పట్టుదారానికి చిటికెడు మైనంతో అతికించి గాలి లేని చోట వేలాడదీస్తే దక్షిణం చూపిస్తుంది, అదీ సరిగ్గా దక్షిణం కాదు, కాస్త తూర్పుకు జరిగి. ఆ ‘కాస్త జరిగి’ అన్న మాట రాయాలంటే ఎంత ఓపికగా చూసి ఉండాలి! ఆ తేడా మన ప్రాంతంలో చాలా తక్కువ, మామూలుగా చూస్తే తెలియదు. తర్వాత 1119 నాటికి చైనా ఓడల్లో దిక్సూచి వాడకం గురించి రాతలున్నాయి, ఆ శతాబ్దం చివరికి యూరప్‌లోనూ కనిపిస్తుంది. ఆనాటి సూదులు కొన్నాళ్లకు శక్తి పోగొట్టుకునేవి కాబట్టి ఓడలో ఒక రాయి దాచుకుని మళ్లీ మళ్లీ రుద్దుకునేవాళ్లు. 18వ శతాబ్దం మధ్యలో ఉక్కుతో మంచి అయస్కాంతాలు చేయడం వచ్చాక ఈ రాయికి ఆ పని తప్పింది.

ఇది మీ ఇంట్లోనే చేయొచ్చు. కుట్టుసూదిని రాయికి ఒకే వైపుకు చాలాసార్లు రుద్ది, చిన్న థర్మోకోల్ ముక్క మీద పెట్టి ప్లాస్టిక్ టబ్బులో నీళ్లపై వదలండి. ఇనుప బీరువా, గ్రిల్లు దగ్గర మాత్రం వద్దు. రాయిని పొయ్యి మీద పెట్టొద్దు, దాదాపు 580 డిగ్రీల దగ్గర ఆ గుణం మొత్తం పోతుంది. ఈ రాయికి వెల్లుల్లి రాస్తే శక్తి పోతుందని యూరప్‌లో శతాబ్దాలపాటు నమ్మారు, 1600లో అయస్కాంతాల మీద పుస్తకం వేసిన ఇంగ్లండ్ వైద్యుడు విలియం గిల్బర్ట్ అదంతా ఒట్టి కట్టుకథ అని తేల్చేశాడు. భూమే ఒక పెద్ద అయస్కాంతం అని ఈ రాయిని గుండ్రంగా చెక్కి చూపించిందీ ఆయనే. మా ఇంట్లో కూడా వెల్లుల్లి రాసి చూశాం, వాసన తప్ప ఏమీ మారలేదు.

విగ్రహం కథ చాలా చోట్ల ఉంది. సోమనాథ్ గురించి 13వ శతాబ్దంలో అల్ కజ్వీనీ అనే పర్షియా రచయిత రాశాడు. అలెగ్జాండ్రియాలో ఒక రాణి గుడిలో ఇనుప విగ్రహం గాల్లో నిలవడానికి ఈ రాళ్లతో కప్పు కట్టడం మొదలుపెట్టారని, అది పూర్తికాకుండానే శిల్పీ రాజూ ఇద్దరూ పోయారని రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. బతికినా పూర్తయ్యేది కాదు లెండి. కదలని అయస్కాంతాలతో ఇనుప వస్తువును గాల్లో స్థిరంగా నిలపడం కుదరదని 1842లో ఎర్న్‌షా అనే ఇంగ్లండ్ గణితవేత్త గణితంతో చూపించిన విషయం నుంచే తెలుస్తుంది. కొంచెం పైకి జరిగితే కప్పుకు అతుక్కుంటుంది, కొంచెం కిందికి జరిగితే పడిపోతుంది, మధ్యలో ఆగే చోటు లేదు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెబుతా. రాళ్ల షాపుల్లో బీపీకి, మోకాళ్ల నొప్పులకు అని అంటగట్టే మాగ్నెటిక్ హెమటైట్ పూసలు చాలావరకు సూదంటు రాయి కాదు, ఫ్యాక్టరీలో చేసిన ఫెరైట్ అనే అయస్కాంత పదార్థం. వాటితో బీపీ తగ్గదు. పిల్లలు ఆడుకోవడానికి ఫెరైట్ కావాలంటే పాత స్పీకరు విప్పండి, ఊరికే వస్తుంది.